బాకా ఊదడం అంత తేలిక కాదు!

ఎవరైనా ఇంకొకరిని తెగ పొగుడుతుంటే 'బాకా ఊదుతున్నాడు' అంటాం. రెజ్యూమె రాసేటప్పుడు మీరు చేసేదీ ఇంచుమించు అదే. కాకపోతే అక్కడ ఎవరి బాకా వాళ్లే ఊదుకోవాలి. ఆ మాటను పుట్టించినవాళ్లు నిజం బాకాను పెదవులకు ఆనించి చూశారో లేదో నాకు అనుమానమే. మొదటిరోజు ఎంత ఊదినా గాలి తప్ప ఏమీ రాదు. వారం దాటాక ఓ వికారమైన శబ్దం వస్తుంది. దాన్ని స్వరం అనిపించుకోవడానికి నెలలు పడుతుంది.

బాకా అంటే ఇప్పటి మాటలో ట్రంపెట్. ఉద్యోగాల పేజీలో ట్రంపెట్ గోల ఏంటి అనుకోకండి. కొత్త యంత్రం వస్తే పాత నైపుణ్యం ఏమవుతుంది? 'బేసిక్స్' ఎందుకు? ఒక్క విద్యనే నమ్ముకుంటే బతుకు గడుస్తుందా? ఈమధ్య మిమ్మల్ని నిద్రపోనివ్వని ఈ మూడు ప్రశ్నలనూ ఆ వాద్యం కొన్ని వందల ఏళ్ల కిందటే ఎదుర్కొంది.

నేనుండేది నేరేడ్‌మెట్‌లో. కంటోన్మెంట్‌కు ఆనుకుని ఉన్న ప్రాంతం. చుట్టుపక్కల సైనిక్‌పురి, వాయుపురి, డిఫెన్స్ కాలనీ... పేర్లు వింటేనే ఇక్కడ ఎవరు ఇళ్లు కట్టుకున్నారో తెలిసిపోతుంది. తెల్లవారుజామున గాలి ఇటువైపు తిరిగితే బ్యూగిల్ వినిపిస్తుంది. ముహూర్తాల రోజుల్లో రాత్రి పొద్దుపోయాక కూడా బరాత్ ముందు బ్యాండ్ మేళం మోగుతుంది. ఈ రెంటి మధ్య పగలంతా హాస్టళ్లలో, అద్దె గదుల్లో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని అప్లికేషన్లు పెడుతుంటారు మీలాంటి పిల్లలు. నాకైతే ఈ మూడూ ఒకే కథలా కనిపిస్తాయి.

బ్యూగిల్‌కు మీటలు ఉండవు

బ్యూగిల్‌ను దగ్గరగా చూశారా? పెళ్లి బ్యాండ్ ట్రంపెట్‌కు మూడు మీటలుంటాయి. వాటినే వాల్వులంటారు. బ్యూగిల్‌కు ఒక్కటీ ఉండదు. గొట్టం, పెదవులు, ఊపిరి... అంతే. మన గుళ్లో శంఖం, జాతరలో కొమ్ముబూర, ఆదిలాబాద్ గోండుల పండుగల్లో మోగే కాలికోమ్ అన్నీ ఈ కుటుంబానివే.

మీటలు లేకుండా వేర్వేరు స్వరాలు ఎలా వస్తాయి? ఇంటర్ ఫిజిక్స్‌లో గాలి స్తంభాలు, హార్మోనిక్స్ పాఠం గుర్తు చేసుకోండి. పరీక్షలో రాసి మర్చిపోయాం కదా, అదే ఇక్కడ పనిచేసేది. పెదవులు బిగించేకొద్దీ అదే గొట్టం పై హార్మోనిక్‌కు దూకుతుంది. మన స్వరాల్లో చెప్పాలంటే కింది నుంచి స, ప, పై స, గ, ప. బ్యూగిల్‌లో మామూలుగా వాడేవి ఈ ఐదే. సైన్యం దినచర్యను నడిపించే పిలుపులన్నీ వీటితోనే అల్లారు.

ఇంకా పైకి వెళ్తే? ఎనిమిదో హార్మోనిక్ దాటాక స్వరాలు ఒకదానికొకటి దగ్గరగా వస్తాయి. అక్కడ పాట వాయించవచ్చు. కానీ వెంట్రుకవాసి తేడా వచ్చినా పక్క స్వరంలో పడతారు. సుమారు 300 ఏళ్ల కిందట యూరప్‌లో ఏడెనిమిది అడుగుల గొట్టాన్ని చుట్టగా చుట్టి, ఒక్క మీటా లేకుండా ఆ ఎత్తులో పాటలు పలికించినవాళ్లున్నారు. ఆ వాద్యాన్ని ఇప్పుడు నేచురల్ ట్రంపెట్ అంటున్నారు. 1721లో బాఖ్ అంకితమిచ్చిన బ్రాండెన్‌బర్గ్ కన్సర్టోల్లో రెండోది వినండి. అందులో ట్రంపెట్ పక్షిలా పైనే తిరుగుతుంది. అది రాసింది మీటలు లేని వాద్యానికి!

గోడ కట్టుకున్నవాళ్ల గతి

ఆ వాద్యకారుల ఉద్యోగాలు ఎంత భద్రమైనవంటే, మన గవర్నమెంట్ జాబు కూడా దిగదుడుపే. 1623లో రెండో ఫెర్డినాండ్ చక్రవర్తి ట్రంపెట్ వాద్యకారుల సంఘానికి ప్రత్యేక హక్కులు రాసిచ్చాడు. ఎవరు పడితే వాళ్లు బాకా ఊదకూడదు. సంఘం నియమాల ప్రకారం గురువు దగ్గర శిష్యరికం చేయాలి. విద్య రహస్యాలు బయటికి పొక్కకూడదు. రాజుగారి కొలువు, సైన్యంలో గౌరవం... ఇంకేం కావాలి?

కానీ ఆ గోడ వాళ్లను కాపాడలేదు. సంగీతంలో అభిరుచి మారింది. రాజాస్థానాలు చిక్కిపోయాయి. ఆ ఎత్తు స్వరాలు కావాలనే స్వరకర్తలు తగ్గారు. 1741లో హ్యాండెల్ రాసిన 'మెస్సయ్య'ను 1789లో మొజార్ట్ తిరగరాసినప్పుడు అందులోని కష్టమైన ట్రంపెట్ భాగాన్ని బాగా మార్చేశాడు. అలా ఊదగలిగినవాళ్లు అప్పటికే అరుదైపోయారు. 19వ శతాబ్దం మొదటి దశాబ్దాల్లో సంఘాలు కూడా రద్దయ్యాయి.

ఇక్కడ ఒక తేదీ గమనించండి. జర్మనీలో స్టోల్జెల్, బ్లూమెల్ అనే ఇద్దరు వాల్వుకు పేటెంట్ తీసుకున్నది 1818లో. అంటే యంత్రం వచ్చి వాళ్ల అన్నం లాక్కోలేదు. యంత్రం రాకముందే ఆ విద్య కొడిగట్టింది. దాన్ని గోడ లోపలే ఉంచడంతో, అడిగేవాళ్లు తగ్గిన రోజున కాపాడేవాళ్లు కూడా లేకపోయారు.

'ఏఐ వచ్చి మా ఉద్యోగాలు తినేస్తుందా?' అని అడిగే ప్రతి ఒక్కరికీ నేను ఈ తేదీలు చెబుతుంటాను. కొత్త మీటను చూసి భయపడటం సహజమే. కానీ దానికన్నా ముందు చూసుకోవాల్సింది, మీరు నేర్చుకున్నది మీ ఒంట్లో ఉందా, సర్టిఫికెట్‌లో మాత్రమే ఉందా అన్నది.

వెనక్కి వెళ్లి ముందుకొచ్చినవాళ్లు

మీటలు వచ్చాక ట్రంపెట్ ఏ స్వరమైనా పలికింది. మంచిదే. కానీ ఆ ఎత్తులో పెదవులతో నడిచే పాత విద్య చాలాకాలం మరుగున పడిపోయింది. దాన్ని మళ్లీ వెలికితీసినవాళ్లలో ముఖ్యుడు ఎడ్వర్డ్ టార్. 1936లో అమెరికాలో పుట్టాడు. స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో సంగీత శాస్త్రం చదివాడు. పాత గ్రంథాలు, పాత వాద్యాలు ముందేసుకుని అప్పటివాళ్లు ఎలా ఊదారో నేర్చుకున్నాడు. 1967లో తన పేరుతోనే ఒక బ్రాస్ బృందం పెట్టాడు.

మామూలుగా ఇలాంటి మనిషిని 'పాతకాలం వాడు' అని పక్కన పెట్టేస్తాం. కానీ అదే టార్, అదే రోజుల్లో, మారిసియో కాగెల్ అనే స్వరకర్తతో కూడా పనిచేశాడు. కాగెల్ ఎలాంటివాడంటే సంగీతం అంటే ఏంటో తేల్చుకోండి అని శ్రోతకే సవాలు విసిరే రకం. ఈ బాణీనే అవాంగార్డ్ అంటారు. 1968లో కాగెల్ చేసిన 'డెర్ షాల్' అనే కృతిని ఐదుగురు వాయించారు. వాళ్లలో టార్ ఒకడు. అంటే 300 ఏళ్ల కిందటి పద్ధతినీ, నిన్నగాక మొన్న పుట్టిన ప్రయోగాన్నీ ఆ పెదవులే పలికించాయి.

ఈ దారిలో తర్వాతివాళ్లూ నడుస్తున్నారు. డచ్ వాద్యకారుడు మార్కో బ్లావ్ నడిపే 'మోనోక్రోమ్ ప్రాజెక్ట్'లో ఎనిమిది ట్రంపెట్లు తప్ప వేరే వాద్యం ఉండదు. ఒకే రకం వాద్యంతో అన్ని రంగులు చూపించాలంటే ఆ వాద్యం లోపలి భౌతికశాస్త్రమంతా చేతిలో ఉండాలి కదా!

పాతకూ కొత్తకూ అసలు కలిసే చోటు ఏదని అడుగుతారేమో. పదకొండో హార్మోనిక్ సంగతి చెబుతాను. అది మన శుద్ధ మధ్యమానికీ, ప్రతి మధ్యమానికీ నడిమధ్య పడుతుంది. అటూ కాదు, ఇటూ కాదు. బాఖ్ కాలంలో అది తలనొప్పి. వాద్యకారులు పెదవులతో లాగి దాన్ని దారిలోకి తెచ్చుకునేవాళ్లు. కానీ 20వ శతాబ్దపు స్వరకర్తలు కొందరు 'ఆ వంకర స్వరమే మాకు కావాలి' అన్నారు. లిగెటి అనే హంగేరీ స్వరకర్త తన 'హాంబర్గ్ కన్సర్టో'లో మీటలు లేని కొమ్ములను తెచ్చి, అలాంటి స్వరాలనే వాడుకున్నాడు. ఒక తరానికి లోపంగా కనబడింది ఇంకో తరానికి పెట్టుబడి అయింది. కాకపోతే చిన్న మెలిక ఉంది. దాన్ని వాడుకోవాలంటే ముందు అది వినబడాలి. మీటలు మాత్రమే నొక్కడం తెలిసినవాళ్లకు అది వినబడదు.

పాలకొల్లు కుర్రాడి మాండలిన్

'అవన్నీ యూరప్ కబుర్లు, మనదగ్గరేవీ?' అంటారా? మనదగ్గర ఇంకా గొప్ప ఉదాహరణే ఉంది. 1969లో పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్. ఆయన చేతిలోది పడమటి వాద్యమైన మాండలిన్, అదీ ఎలక్ట్రిక్. ఆ రోజుల్లో దాంతో కర్ణాటక సంగీతమా అని పెద్దలు ముఖం చిట్లించే మాట.

ఆయనకు సంగీతం నేర్పిన రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు. పిల్లాడు ఆ పాటను విని తీగల మీదకు ఎక్కించేవాడు. అంటే విద్య గొంతులోంచి చెవిలోకి, చెవిలోంచి వేళ్లలోకి నడిచింది. వాద్యం మీద గమకం సరిగా పలకకపోతే, శ్రీనివాస్ జంట తీగలు తీసేసి ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నారు. పనిముట్టును విద్యకు తగ్గట్టు మార్చారు తప్ప పనిముట్టు కోసం విద్యను కుదించలేదు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవంలో తొలి కచేరీ చేసేనాటికి ఆయనకు తొమ్మిదేళ్లు. తర్వాత ప్రపంచమంతా తిరిగారు. జాన్ మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుసేన్‌లతో 'రిమెంబర్ శక్తి'లో వాయించారు. 1998లో పద్మశ్రీ వచ్చింది.

బేసిక్స్ అంటే ఇదీ. కొత్త సాధనం చేతికొచ్చిన రోజున దానికి ఏం చెప్పాలో తెలిసి ఉండటం.

కాగితం ముందు ఆగిపోయిన అన్న

అయితే ఇంతటితో 'చెవి ఉంటే చాలు, కాగితాలెందుకు' అని తీర్పు చెప్పేస్తే అబద్ధమవుతుంది. మా కాలనీలో పెళ్లికి వచ్చిన బ్యాండ్‌లో ఒక ట్రంపెట్ అన్న కలిశాడు. తీన్‌మార్ మధ్యలో సినిమా పాటను ఒక్కసారి ఫోన్‌లో విని వెంటనే వాయించేశాడు. బరాత్ ఆగినప్పుడు చాయ్ తాగుతూ మాట్లాడుకున్నాం. ముహూర్తాలుంటే చేతినిండా పని, లేకపోతే పెయింటింగ్ పనికి పోతాడట. ఒకసారి నెల జీతం వచ్చే బ్యాండ్ ఉద్యోగానికి సెలక్షన్‌కు వెళ్లాడు.

"కాగితం చూసి వాయించమన్నరు సార్. పాట చెప్పుండ్రి, ఏదైనా వాయిస్త అన్న. గట్ల కాదు, కాగితమే చూడాలన్నరు. అగో, అక్కడనే ఆగిపోయిన."

స్టాఫ్ నొటేషన్ చదవడం రాకపోవడం ఒక్కటే అడ్డు. ఎవరైనా కూర్చోబెట్టి నేర్పితే కొన్ని నెలల్లో వచ్చే పని. ఆయనకు నేర్పినవాళ్లు లేరు, నేర్చుకోవాలని చెప్పినవాళ్లూ లేరు. అప్పటికే వయసు దాటిపోయింది. ఇది నాకు చాలారోజులు మనసులో మెదిలింది. ఎందుకంటే దీనికి సరిగ్గా తిరగేసిన కథ మా వీధి హాస్టల్‌లోనే చూస్తుంటాను. బీటెక్ అయిన అబ్బాయి, అమీర్‌పేటలో రెండు కోర్సులు చేశాడు. రెజ్యూమెలో పదిహేను టూల్స్ పేర్లున్నాయి. ప్రాంప్ట్ ఇస్తే కోడ్ వస్తోంది. 'ఈ లూప్ ఎందుకు ఆగట్లేదు?' అని అడిగితే మాత్రం మళ్లీ ప్రాంప్టే ఇస్తాడు.

అన్నకు ఊపిరి ఉంది, కాగితం లేదు. తమ్ముడికి కాగితం ఉంది, ఊపిరి లేదు. ఉద్యోగం ఇద్దరికీ దొరకలేదు. నా ఉద్దేశంలో మన చదువుల అసలు జబ్బు ఇదే. చెవితో నేర్చుకున్నవాణ్ని చదువురానివాడని, కాగితంతో నేర్చుకున్నవాణ్ని స్కిల్ లేనివాడని అంటాం. ఇద్దర్నీ ఒక బెంచీ మీద కూర్చోబెట్టే ఏర్పాటు మాత్రం చేయం. టార్ గొప్పతనం ఆ రెండూ తనలోనే కలుపుకోవడం. పాత గ్రంథం చదివాడు, పాత బాకా ఊదాడు, ఆపైన కొత్తదానికి తలుపు తీశాడు.

"సార్, నాకు ఈ జూన్‌లోపు జాబు కావాలి"

ఈ మాట నాకు వినిపిస్తూనే ఉంది. ఇంటి దగ్గర ఎడ్యుకేషన్ లోన్ ఉంటే హార్మోనిక్స్ గురించి ఆలోచించే ఓపిక ఎక్కడుంటుంది? ఒప్పుకుంటాను. అందుకే పెద్ద త్యాగాలేవీ అడగను. మూడు పనులు చెబుతాను. మూడూ ఖర్చు లేనివే.

ఒకటి. రోజుకో గంట మీటలు లేకుండా పనిచేయండి. కోడింగ్ అయితే ఏఐ మూసేసి, కాగితం మీద చిన్న ప్రోగ్రామ్ రాసి, అది ఎలా నడుస్తుందో వరుస వరుసా చేత్తో రాయండి. అకౌంట్స్ అయితే సాఫ్ట్‌వేర్ లేకుండా మీ వీధి కిరాణా కొట్టు వారం లెక్కకు బ్యాలెన్స్ తేల్చండి. మొదటివారం గాలే వస్తుంది. కంగారు పడకండి, ట్రంపెట్‌లోనూ అంతే.

రెండు. మీ వృత్తి నొటేషన్ నేర్చుకోండి. ప్రతి పనికీ ఒక కాగితపు భాష ఉంటుంది. ఇంజినీర్‌కు డ్రాయింగ్, ప్రోగ్రామర్‌కు డాక్యుమెంటేషన్, అకౌంటెంట్‌కు బ్యాలెన్స్ షీట్. 'పని వచ్చు, చెప్పడం రాదు' అంటే ఇంటర్వ్యూలో ఆ అన్నలాగే ఆగిపోతారు. మీ పక్కన చెవి విద్య ఉన్న మనిషి ఉంటే వాళ్లకు ఆ కాగితం చదవడం నేర్పండి. నేర్పుతుంటే మీకే ఎక్కువ వస్తుంది.

మూడు. ఒక విద్యకు ఒకే ఉద్యోగం అనుకోకండి. టార్ వాద్యకారుడు మాత్రమే కాదు. బాసెల్‌లో పాఠాలు చెప్పాడు. ట్రంపెట్ చరిత్ర మీద పుస్తకం రాశాడు. టొరెల్లి అనే పాత స్వరకర్త ట్రంపెట్ రచనలను పరిష్కరించి ప్రచురించాడు. జర్మనీలోని బాద్ సెకింగెన్‌లో ట్రంపెట్ మ్యూజియానికి ఏళ్ల తరబడి డైరెక్టర్‌గా ఉన్నాడు. 2020లో కన్నుమూసేదాకా అన్ని పనులూ ఒక్క గొట్టం చుట్టూనే! లోతుగా తవ్విన బావిలో నీళ్లు నాలుగు కాలువలకు సరిపోతాయి. అక్కడక్కడా గీకిన పది గుంటల్లో దాహం కూడా తీరదు.

మీలో నిజంగానే ట్రంపెట్, క్లారినెట్, శాక్సోఫోన్ లాంటివి వాయించేవాళ్లుంటే ఇంకో మాట. వాయుసేన అగ్నివీర్ వాయు మ్యుజీషియన్ పోస్టులకు, నౌకాదళం అగ్నివీర్ మ్యుజీషియన్ పోస్టులకు నోటిఫికేషన్లు ఇస్తుంటాయి. పదో తరగతి పాసై, వాద్యం వాయించడంలో ప్రావీణ్యం ఉండాలి. సర్వీసు నాలుగేళ్లు. వయసు, వాద్యాల జాబితా, మిగతా షరతులు అధికారిక నోటిఫికేషన్‌లోనే చూసుకోండి. సైనిక సంగీతానికి మధ్యప్రదేశ్‌లోని పచ్‌మఢీలో ప్రత్యేక శిక్షణ విభాగమే ఉంది. పోలీసు బ్యాండ్లు ఉన్నాయి. స్కూళ్లలో మ్యూజిక్ టీచర్లు కావాలి. వీటిలో చాలాచోట్ల నొటేషన్ తప్పదు. దాన్ని నోటిఫికేషన్ వచ్చాక కాదు, ఇవాళే మొదలుపెట్టండి.

ప్రయోగాలు చేసే బృందాల్లో చేరితే కోట్లు వస్తాయని చెప్పను. ఆ దారి కష్టం. కానీ నేరేడ్‌మెట్ బ్యూగిల్, జాతర కొమ్ము, బరాత్ ట్రంపెట్ ఒకే భౌతికశాస్త్రానికి పుట్టిన తోబుట్టువులు. వాటిని ఒక వేదిక మీద నిలబెట్టాలన్న ఆలోచన మీలో ఎవరికైనా వస్తే నవ్వేవాళ్లను పట్టించుకోకండి. మాండలిన్‌నూ చూసి మొదట నవ్వినవాళ్లే ఎక్కువ.

రేపు పొద్దున ఇంటర్వ్యూ ఉంటే ఈ రాత్రి ఇంకో సర్టిఫికెట్ కోసం వెతక్కండి. మీకు బాగా వచ్చు అనుకున్న ఒక్క విషయం తీసుకుని, ఏ తెరా చూడకుండా, పక్క మంచం మీద ఉన్న ఫ్రెండ్‌కు ఐదు నిమిషాలు చెప్పి చూడండి. ఎక్కడ తడబడ్డారో అక్కడే మీ పాఠం మొదలు. తెల్లవారి బ్యూగిల్ వినబడితే లెక్కపెట్టండి. స, ప, స, గ, ప. ఐదే స్వరాలు, మీటలు లేవు. అయినా వేలమందిని నిద్రలేపుతుంది.